కోడులో తాలు

రెండేళ్ళ కిందట వేసవిలో మా ఆఫీసు కుర్రాడొకడు రెండు వారాలు కూర్చుని మూడొందల పైచిలుకు చోట్ల కోడు బాగుచేశాడు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మా సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి 8కి మారాలి. 7.4కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి, మేమే బద్ధకించి లాక్కొస్తున్నాం. మా పాత కోడులో ఎక్కడ పడితే అక్కడ ఈచ్ అనే ఫంక్షను, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడు ముక్క, ఉంది. 8.0లో దాన్ని తీసేశారు. వాడు ఒక్కో ఫైలూ తెరిచి, దాన్ని ఫర్‌ఈచ్ చేసి, నడిపి చూసుకుని, టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. ఆఖరి రోజు సాయంత్రం టీ తాగుతూ అడిగాడు: "అక్కా, ఈ వ్యాట్ రిటర్నుల స్క్రీన్లు ఇప్పుడెవరు వాడుతున్నారు?"

ఎవరూ వాడటం లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ స్క్రీన్లు తెరిచిన మనిషి లేడు. లెక్క చూస్తే వాడు బాగుచేసిన ఫైళ్ళలో దాదాపు సగం అలాంటివే. జీతమిచ్చి మరీ శవానికి వైద్యం చేయించాం.

మాది గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. కోల్డ్ స్టోరేజీలకూ, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. విజయవాడలో కొన్ని లాడ్జీలకు కూడా. పద్నాలుగేళ్ళ కోడు. నేను చేరక ముందు రాసినవాళ్ళలో ఒక్కరు కూడా ఇప్పుడు లేరు. ఈ రెండు వారాల సంగతి చెప్పగానే మా ఓనరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "మొత్తంలో ఎంత శాతం పనికిరానిదమ్మా?"

ఆ శాతం చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. చెప్పేసరికి ఆ ప్రశ్న మీదే నాకు నమ్మకం పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు లైన్లు లెక్కపెట్టాను. తొమ్మిది లక్షలు దాటింది. ఓనరు గారు ఒక క్షణం గర్వపడ్డారు కూడా. అందులో బయటివాళ్ళు రాసిపెట్టిన కోడు, అంటే లైబ్రరీలు, తీసేస్తే సగానికి సగం పోయింది. ఒక్క పీడీఎఫ్ చెయ్యడానికి మూడు వేర్వేరు లైబ్రరీలున్నాయి. ఎవరికి ఏది తెలిస్తే వాళ్ళు అది తెచ్చి పెట్టారు. తర్వాత, కోడులో ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్ లేని రోజుల్లో భయపడి దాచుకున్న కాపీలు: బిల్_పాతది, బిల్_కొత్తది, బిల్_ఫైనల్, బిల్_ఫైనల్_2, బిల్_ఫైనల్_సరైనది. ఇవన్నీ పోగా మేం నిజంగా రాసుకున్నది రెండున్నర లక్షలు. అంటే శాతం అడిగినప్పుడు కింద ఏ సంఖ్య వేస్తామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. తొమ్మిది లక్షల మీద లెక్కేస్తే మేం మహా దుబారా మనుషులం, రెండున్నర లక్షల మీద లెక్కేస్తే ఫరవాలేదు.

అసలు కష్టం ఆ రెండున్నర లక్షల దగ్గరే మొదలైంది.

కోడుని నడపకుండా చదివి, ఏ ఫంక్షన్ని ఎవరూ పిలవడం లేదో చెప్పే టూళ్ళు చాలా ఉన్నాయి. పైథాన్‌లో ఒకదాని పేరు వల్చర్, అంటే రాబందు. భలే పెట్టారు పేరు. సీ, సీ++ భాషల్లో రాసేవాళ్ళయితే ఒక్కో ఫంక్షన్నీ విడి సెక్షన్లో పెట్టించి, ఎవరూ పిలవనివాటిని, ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాము తయారుచేసే లింకరు చేతే వదిలేయించుకోవచ్చు. అప్పుడు తయారైన ప్రోగ్రాము చిన్నదవుతుంది. కానీ సోర్సు కోడు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని చదివి తల పట్టుకోవాల్సిన మనిషికి పైసా లాభం ఉండదు. బరువు మిషను మీద తగ్గింది, మనిషి మీద తగ్గలేదు.

మా కోడు మీద అలాంటి టూలే నడిపాను. వెయ్యికి పైగా ఫంక్షన్లు అనాథలని తేల్చింది. జాబితా తెరిస్తే రెండో పేజీలోనే "సరుకు దిగుమతి ఎంట్రీ" ఉంది. సీజన్లో రోజుకి వందసార్లు నొక్కే స్క్రీన్ అది! సంగతేమిటంటే, మా మెనూ అంతా డేటాబేసులో ఒక టేబుల్లో ఉంటుంది. ఏ బటన్ నొక్కితే ఏ ఫంక్షను నడవాలో దాని పేరు ఆ టేబుల్లో అక్షరాలుగా ఉంటుంది. కోడు మాత్రమే చదివే టూలుకి ఆ టేబులు కనబడదు. మా పాతవాళ్ళ తెలివి అది, దాన్ని తిట్టుకోను. బటన్ చేర్చడానికి కోడు మార్చక్కర్లేదు కదా.

ఇది మా టూలు లోపం మాత్రమే అనుకోకండి. ఒక ప్రోగ్రాము ఫలానా లైనుకి ఎప్పటికైనా చేరుతుందా లేదా అన్నది, ఏ ప్రోగ్రాము ఇచ్చినా తప్పకుండా సరిగ్గా చెప్పగల టూలు రాయడం అసాధ్యం. 1936లో ట్యూరింగ్ అనే గణితవేత్త నిరూపించినదాన్నుంచే ఆ సంగతి తేలిపోతుంది. కాబట్టి ఈ టూళ్ళు చేసేది అనుమానితుల జాబితా తయారుచెయ్యడం. తీర్పు ఇంకెవరో చెప్పాలి.

మిర్చి కల్లంలో ఆడవాళ్ళు తాలు ఏరడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వడ్లలో తాలైతే తూర్పారబడితే గాలికే పోతుంది. మిర్చిలో తాలు గాలికి పోదు. తెల్లబడిన కాయ ఎర్ర కాయల మధ్యే ఉంటుంది, తూకానికీ వస్తుంది. రోజంతా కూర్చుని చేత్తో ఏరాల్సిందే. పైగా ఏరిన తాలుని పారెయ్యరు, దానికీ యార్డులో ఒక రేటుంటుంది. మా కోడులో ఉన్నది మిర్చి తాలు. ఓనరు గారేమో తూర్పారబట్టే మిషను కొనమంటున్నారు.

సరే, చదివితే తేలనిది నడిచేటప్పుడు కాపలా కాస్తే తేలాలి. రెండు పనులు చేశాం. పీహెచ్‌పీలో ఓపీక్యాష్ అని ఉంటుంది. ఏ ఫైలు ఎన్నిసార్లు వాడారో, ఆఖరున ఎప్పుడు వాడారో దాని దగ్గర లెక్క ఉంటుంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ లెక్క చెరిగిపోతుంది కాబట్టి రోజూ రాత్రి దాన్ని తీసి ఒక టేబుల్లో దాచుకున్నాం. ఇది ఫైళ్ళ వరకు. అనుమానం ఉన్న ఫంక్షన్లలో మాత్రం మొదటి లైనుగా ఒక చిన్న ముక్క పెట్టాం: ఎవరైనా ఇటు వస్తే తేదీ, లాగిన్ పేరు రాసుకో, అంతే. కాపలా లైను అనుకున్నాం దాన్ని. కవరేజ్ టూలు పెట్టి ప్రతి లైనునీ లెక్కపెట్టొచ్చుగా అంటారేమో. టెస్టింగ్ మిషన్లో అయితే సరే, సీజన్లో లారీలు బారులు తీరి ఉండగా కస్టమరు సర్వరు మీద అంత బరువు పెట్టే ధైర్యం నాకు లేదు.

జూన్‌లో పెట్టాం. డిసెంబరు దాకా చూశాం. ఏడు నెలలు. ఒక్కసారి కూడా ఎవరూ తొక్కని ఫంక్షన్లు నాలుగొందల పైనే తేలాయి. జనవరిలో సంక్రాంతి సెలవులకు ముందు తీసేశాం. ఇల్లు బూజు దులిపినంత హాయిగా ఉంది.

మార్చి నెలాఖరున ఒక రాత్రి అకాల వర్షం పడింది. పొద్దున్నే ఏడింటికి ఫోను. నల్లపాడు రోడ్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా గారు. పెద్దాయన, మేం అందరం బాబాయ్ గారనే పిలుస్తాం.

"అమ్మాయ్, తడి బటన్ ఏదమ్మా?"

"ఏ బటన్ బాబాయ్ గారూ?"

"తడిసిన టిక్కీలు వస్తే నొక్కేది. నీలం రంగులో ఉండేది, కుడి పక్కన."

వెనక లారీ హారన్లు, హమాలీల కేకలు వినబడుతున్నాయి. నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. తడిసిన మిర్చి బస్తాని, మా వాడుకలో టిక్కీని, అలాగే చాంబర్లో పెడితే బూజు పడుతుంది, పక్క లాట్లు కూడా పోతాయి. అందుకని తడి అని గుర్తు పెట్టి, వచ్చినప్పటి తూకం రాసుకుని, బయట ఆరబోసి, ఆరాక మళ్ళీ కాటా వేస్తారు. ఆ తేడాని తరుగు కింద చూపిస్తారు, లేకపోతే రైతుకీ స్టోరేజీకీ గొడవ. ఆ బటన్ చేసే పని అది. అది మేం తీసేసిన నాలుగొందల్లో ఉంది.

ఎందుకు ఉందో ఇప్పుడు చెబితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చేది, స్టోరేజీలు నిండేది ఫిబ్రవరి నుంచి మే దాకా. మేం కాపలా కాసింది జూన్ నుంచి డిసెంబరు. సరుకు లోపలికి వచ్చే నెలలన్నీ వదిలేసి, బయటికి పోయే నెలల్లో గుమ్మం దగ్గర కూర్చుని "లోపలికి ఎవరూ రావడం లేదు" అని తేల్చాం. గుంటూరులో పుట్టి పెరిగిన దాన్ని, మిర్చి సీజన్ ఎప్పుడో నాకు ఒకరు చెప్పాలా?

కోడు వెనక్కి తేవడానికి ఇరవై నిమిషాలు పట్టలేదు. గిట్‌లో ఉంది. కానీ మేం ఇంకో తెలివితక్కువ పని చేశాం. ఆ ఫంక్షనుతో పాటు, అది తప్ప ఇంకెవరూ వాడని డేటాబేసు కాలమ్, అంటే టేబుల్లో ఒక నిలువు వరస, కూడా తీసేశాం. పాత సీజన్ల తడి తూకాలన్నీ అందులో ఉన్నాయి. తీసేసిన కోడు గిట్‌లో ఉంటుంది, తీసేసిన డేటా ఉండదు. జనవరి బ్యాకప్ వెతికి, దాన్ని పక్కన ఇంకో సర్వర్లో నిలబెట్టి, ఆ ఒక్క కాలమ్ తెచ్చి అతికించేసరికి తెల్లవారింది. ఆ రోజంతా బాబాయ్ గారు నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దీని తర్వాత మా ఆఫీసులో ఒక పార్టీ తయారైంది: ఏదీ ముట్టుకోవద్దు, పడి ఉంటే పోయేదేముంది, దానికేమైనా తిండి పెడుతున్నామా అనేవాళ్ళు. ఈ మాట చాలా ఆఫీసుల్లో విన్నాను. దీనికి నా జవాబు 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీకి జరిగింది. వాళ్ళ ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్లో 2003 నుంచీ వాడటం మానేసిన పవర్ పెగ్ అనే ముక్క ఒకటి పడి ఉంది. కొత్త కోడు రాసేటప్పుడు, ఆ పాత ముక్కని ఆన్ చెయ్యడానికి అప్పట్లో వాడిన ఫ్లాగునే, అంటే స్విచ్చు లాంటి గుర్తునే, కొత్త పనికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడు వెళ్ళింది, ఒకదానికి వెళ్ళలేదు. మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదోదానిలో తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న కోడు లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పెట్టింది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. కంపెనీ మళ్ళీ మునుపటిలా లేవలేదు. తిండి పెట్టకపోయినా ఆ పాత కోడు బతికే ఉంది.

మనది అంత పెద్ద వ్యవహారం కాదు, నిజమే. మన దగ్గర తిండి వేరే రూపంలో తింటుంది. "అద్దె" అని వెతికితే నలభై చోట్ల దొరుకుతుంది, అందులో నిజమైన అద్దె లెక్క ఏదో కొత్తగా చేరినవాడికి తెలియదు. తప్పుదాన్ని మారుస్తాడు, మార్పు కనబడదు, నాలుగు గంటలు జుట్టు పీక్కుంటాడు. ఆ కుర్రాడి రెండు వారాలు కూడా ఈ ఖాతాలోదే. నన్నడిగితే పనికిరాని కోడుని కొలవాల్సింది లైన్లలో కాదు, ఇలా పోయిన రోజుల్లో.

పెద్ద కంపెనీలు యంత్రాలతో తీసేస్తున్నాయి కదా అని మా కుర్రాడు వాదించాడు. నిజమే. గూగుల్ వాళ్ళు 2023లో రాసినదాని ప్రకారం, వాళ్ళ మొత్తం సీ++ కోడులో 5 శాతానికి దగ్గరగా ఒక ఆటోమేటిక్ వ్యవస్థే ఏరి పారేయించింది. దానికి జర్మన్ భాషలో మృత్యువుకి వాడే పేరు పెట్టారు. కానీ వాళ్ళ దగ్గర ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడిచిందో రికార్డుంటుంది. అంత ఉండి కూడా ఆ వ్యవస్థ నేరుగా తీసెయ్యదు. తీసేద్దామా అని మార్పు తయారుచేసి ఆ కోడు చూసుకునే మనుషుల ముందు పెడుతుంది. మనం ఆ ఆఖరి మెట్టు ఎక్కకుండా మిగతావన్నీ ఎక్కాం.

అలాగని ఎప్పుడో ఒకప్పుడు వాడతారేమోనని అన్నీ దాచుకోవాలా? ఇక్కడ నా లెక్క వేరు. విజయవాడ లాడ్జీల సాఫ్ట్‌వేర్లో "పుష్కరం టారిఫ్" అని ఒక భాగం ఉంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు గది 24 గంటలకు కాకుండా 12 గంటలకు అద్దెకిచ్చారు కొందరు. దానికోసం రాసింది. పన్నెండు రోజులు నడిచింది. మళ్ళీ కృష్ణకు పుష్కరాలొచ్చేది 2028లో. పుష్కరానికోసారి అని ఊరికే అంటాం గానీ, నిజంగా పుష్కరానికోసారి నడిచే కోడు ఇదొక్కటే చూశాను. ఉంచాలా తీసెయ్యాలా?

తడి బటన్ దెబ్బ తిన్నవాళ్ళెవరైనా ఉంచమంటారు. నేను తీసేశాను. ఎందుకంటే పరీక్ష మెషిన్లో దాన్ని నొక్కి చూశాను. అది వేసేది అప్పటి లగ్జరీ టాక్సు. జీఎస్టీలో కలిసిపోయి ఆ పన్నే లేదు. ఆన్‌లైన్ బుకింగులు దానికి తెలియవు. 2028లో దాన్ని లేపితే పని చెయ్యదు సరికదా, తప్పు బిల్లు వేస్తుంది. కాబట్టి అది ఏం చేసేదో అర పేజీ తెలుగులో రాసి ఫైల్లో పెట్టి, కోడు తీసేశాను. తడి బటన్ ఏడు నెలలు నడవకపోయినా నొక్కిన రోజు సరిగ్గా పని చేసేది. ఎన్నాళ్ళ నుంచి నడవలేదన్నది ఒక ప్రశ్న, ఈరోజు నడిపితే సరిగ్గా నడుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని ఏ టూలూ అడగదు, మనమే నొక్కి చూడాలి.

ఇంతవరకు నడవని కోడు గురించే చెప్పాను. నా దృష్టిలో అసలు దుబారా రోజూ నడుస్తున్న కోడులో ఉంది. మా బిల్లు ఫంక్షను ప్రతి బిల్లుకీ ముందు "తేదీ 2017 జులైకి ముందుదా?" అని చూస్తుంది. ఫంక్షను లెక్కలో ఇది నూటికి నూరు పాళ్ళు సజీవం. లోపల సగం కొమ్మ ఎండిపోయింది. సాయంత్రం క్యాష్ టాలీ ప్రింటులో వెయ్యి నోట్ల వరస ఇప్పటికీ వస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి నుంచీ అక్కడ రోజూ సున్నానే. దాని పైన రెండువేల నోట్ల వరస, అదీ సున్నాయే. చిరునామాల్లో జిల్లాల జాబితా మూడు ఫైళ్ళలో మూడు రకాలుగా ఉంది: 23 జిల్లాలది, 13 జిల్లాలది, 26 జిల్లాలది. నరసరావుపేట రైతు ఒక స్క్రీన్లో గుంటూరు జిల్లా, ఇంకో స్క్రీన్లో పల్నాడు జిల్లా.

నడుస్తోంది కాబట్టి కావాలి అనుకోవడం ఎంత ప్రమాదమో 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ చూపించింది. ఏరియాన్ 4 నుంచి తెచ్చిన ఒక లెక్క, రాకెట్ లేచాక కూడా కొన్ని సెకన్లు నడుస్తూనే ఉండేలా ఉంది. కొత్త రాకెట్లో లేచాక దానితో పనే లేదు. కానీ నడిచింది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కాబట్టి 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కబోతే పట్టలేదు. దిశ చూపే కంప్యూటర్లు రెండూ చేతులెత్తేశాయి. నలభై సెకన్లయినా కాకముందే రాకెట్ ముక్కలైంది. నడిచిన లైన్లను పచ్చరంగులో చూపించే కవరేజ్ రిపోర్టు ఏది తీసినా ఆ లైన్లు పచ్చగానే కనబడేవి.

మా దగ్గర పచ్చగా కనబడేవాటిలో మొదటి స్థానం "దినసరి నిల్వ సారాంశం" అనే రిపోర్టుది. రోజూ రాత్రి పదకొండింటికి తనంతట తనే తయారవుతుంది, ఒక్కో స్టోరేజీకి నలభై పేజీల దాకా. పొద్దున్నే ప్రింట్ కూడా తీస్తారు, ఆ లాగ్ కూడా ఉంది. సర్వర్ రాత్రిపూట చేసే పనిలో సింహభాగం అదే. ఇంత వాడకం ఉన్న దాన్ని వేగంగా చేద్దామని వారం పని ప్లాన్ చేశాం. మొదలుపెట్టే ముందు, తడి బటన్ అనుభవంతో, ఈసారి వెళ్ళి చూద్దామనిపించింది. నల్లపాడు రోడ్డు స్టోరేజీకే వెళ్ళాను.

బాబాయ్ గారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. పక్కన ఆ నలభై పేజీల కట్ట. బోర్లా.

"ఇది రోజూ చూస్తారా బాబాయ్ గారూ?"

"చూడటమా? అందులో ఏముంటుందమ్మా, స్క్రీన్ మీద ఉండేదేగా. వెనకవైపు తెల్లగా ఉంటుందిగా, రాసుకోడానికి బాగుంటుంది."

ఏం రాసుకుంటున్నారో చూశాను. నీలం పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలు: లాట్ నంబరు, దాని ఎదురుగా "3వ చాంబరు, పై అంతస్తు, గోడ వైపు". కొన్నిచోట్ల "దీని ముందు తేజ రకం లాటు ఉంది, ముందు అది తీయాలి". రైతో వ్యాపారో సరుకు కావాలని వస్తే హమాలీలకు చెప్పేది ఆ కాగితం చూసే. రోజూ పాత కాగితం చూసి కొత్త కాగితం మీద ఎక్కించుకుంటారు.

ఆఫీసుకి వచ్చి వెతికితే, మా సాఫ్ట్‌వేర్లో సరిగ్గా ఆ పని చేసే స్క్రీన్ ఉంది. "లాట్ స్థానం". చాంబరు, అంతస్తు, వరస, రిమార్కు. ఎవరో శ్రద్ధగా రాశారు. మెనూలో "మాస్టర్లు" లోకి వెళ్ళి, అందులో "ఇతరములు"లోకి వెళ్ళి, అయిదు క్లిక్కుల తర్వాత వస్తుంది. కాపలా లైను పెట్టిన రోజు నుంచీ ఒక్క అడుగు కూడా పడలేదు. తీసెయ్యాల్సినవాటి రెండో జాబితాలో పన్నెండో నంబరు అది. రాత్రిపూట సర్వర్ని తినేస్తున్న రిపోర్టు వెనక, మేం చచ్చిపోయిందనుకున్న స్క్రీన్ చేతిరాతలో రోజూ నడుస్తోంది.

రిపోర్టు ఆపేశాం. లాట్ స్థానం స్క్రీన్ని తెచ్చి దిగుమతి ఎంట్రీలోనే నాలుగు గడులుగా కలిపాం. కాపలా లైను మాత్రం తియ్యలేదు. రిపోర్టు ఆగిన రెండో రోజున బాబాయ్ గారు ఫోన్ చేసి కాగితాలు రావడం లేదన్నారు. రాసుకోడానికి రెండు రఫ్ నోటు పుస్తకాలు పంపించాను.

నెల రోజులైంది. ఆయన లాగిన్ నుంచి ఆ లైనులో ఇప్పటికి రెండు ఎంట్రీలు పడ్డాయి. అందులో ఒకటి నేను అక్కడ కూర్చుని చూపించినప్పటిది.